తడిసిన ఓడ రంగు

ఉద్యోగం వచ్చింది! నాకే! పొద్దున పదకొండింటికి, ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్లో మెయిల్ టింగుమంది. వైజాగ్‌లో, ఓడలకు వేసే పూతలను పరీక్షించే ల్యాబులో, ట్రైనీ కెమిస్టుగా. మెట్ల మధ్యలో ఆగిపోయి మూడుసార్లు చదివాను. వెనక వచ్చేవాళ్లు తిట్టుకుంటూ నన్ను దాటిపోయారు. తిట్టుకోనీ. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు ఆ పట్టా ఉద్యోగం కూడా తెచ్చింది.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాలి కదా. కానీ కాళ్లు నాచారం బస్సు వైపు నడిచాయి. నాన్న పనిచేసే పెయింట్ల కంపెనీ అక్కడ, ఇండస్ట్రియల్ ఏరియా లోపలి రోడ్డులో. గేటు దగ్గర వాచ్‌మన్ తాతతో కబురు పంపితే, నాన్న చేతులు బట్టతో తుడుచుకుంటూ, భయపడుతూ వచ్చాడు.

"ఏందిరా, ఇంత ఎండల వచ్చినవ్? అమ్మ మంచిగున్నదా?"

"జాబొచ్చింది నాన్నా. వైజాగ్‌ల. ఓడల పెయింట్లు టెస్ట్ జేసే ల్యాబుల."

నాన్న నా ముఖంలోకి చూశాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. ఏదో గొప్ప మాట వస్తుందనుకున్నాను. 

"మీ బావకు జెప్పినవా?" అన్నాడు.

ఇదీ సంగతి. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద వార్త ఇంతవరకు లేదు. అది విన్న నాన్న నోట్లోంచి మొదట వచ్చింది బావ. సంతోషం సంతోషమే, అది ఎక్కడికీ పోలేదు. కానీ దాని పక్కనే పాత మంట కూడా లేచి కూర్చుంది. ఆ మంట గురించి ఒక్కసారి పూర్తిగా రాసేస్తే తప్ప ఫోన్లు చెయ్యలేననిపించి ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను.

బావంటే మా మేనత్త కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. నేవీలో సబ్‌మెరైన్ మీద పని. చిన్నప్పటి నుంచి నేను కుళ్లుకుంటూ వచ్చిన మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే. ఇప్పుడు డ్యూటీ మీద నీళ్ల కింద ఉన్నాడు. అయినా నా కడుపుమంటకు లోతు అడ్డం కాలేదు.

అసలు మా ఇద్దరికీ ఓడల పిచ్చి పట్టించింది నాన్నే. నాన్న జనగామ వైపు నుంచి వచ్చి, ఈ కంపెనీలో డబ్బాలు కడిగే పనిలో చేరి, షేడ్ మ్యాచింగ్‌కు ఎదిగాడు. షేడ్ మ్యాచింగ్ అంటే ఇంతే: ఆర్డరు ఇచ్చినవాళ్లు అరచెయ్యంత రేకు మీద తమకు కావలసిన రంగు వేసి పంపుతారు. డ్రమ్ములో ఉన్న రంగును సరిగ్గా దానికి కలపాలి. నేవీకి వెళ్లే బూడిద రంగు మా నాన్న చేతి మీదుగానే పోయేది. ఆ రంగును నాన్న గ్రే అనడు, బూడిద అనడు. "ఓడ రంగు" అంటాడు.

ఆ రేకును నల్ల కాగితంలో చుట్టి బీరువాలో పెట్టేవాడు, వెలుతురుకు రంగు మారకుండా. పని రోజుల్లో ఎర్ర చొక్కా, పసుపు చొక్కా తొడగడు. చొక్కా రంగు రేకు మీద పడితే కన్ను మోసపోతుందట. అందుకే మా దండెం మీద నాన్నవి ఎప్పుడూ తెల్ల చొక్కాలూ, వెలిసిన చొక్కాలే ఆరేవి. ఎండ ఎక్కక ముందు, ఉత్తరం వైపు కిటికీ దగ్గర నిలబడి, రేకునూ కొత్త రంగు పూసిన అట్టనూ పక్కపక్కన పెట్టి, ఒక్క క్షణం చూసి తల తిప్పేసుకునేవాడు. "ఎక్కువసేపు సూస్తె కన్ను అలవాటుపడ్తది. అన్ని ఒక్కతీరే అంటది" అనేవాడు. తర్వాత నల్లది ఒక చుక్క, పసుపుది అరచుక్క. మళ్లీ ఒక క్షణం. నాన్న సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఓడను ముట్టుకోలేదు. కానీ ఓడ ఎండలో ఎలా ఉంటుందో, మబ్బులో ఎలా ఉంటుందో ఆ కిటికీ దగ్గర నిలబడి మాకు చెప్పేవాడు.

అత్తవాళ్ల ఇల్లు నాచారంలో, కంపెనీకి దగ్గరే. సెలవు రోజుల్లో నేనూ బావా ఇద్దరం కంపెనీలో నాన్న రంగులు కలిపే గదిలోనే ఉండేవాళ్లం. నేను డబ్బాలు అందించేవాణ్ణి. బావ కిటికీ దగ్గర నిలబడి "మామా, గిది జర పచ్చగ కొడ్తలేదా?" అనేవాడు. నాన్న "అవ్‌రా, కన్నున్నది నీకు" అనేవాడు. డబ్బాలు అందించినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

పెద్దయ్యాక ఇద్దరం నేవీకి దరఖాస్తు పెట్టాం. ఉప్పల్ స్టేడియం చుట్టూ రోడ్డు మీద పొద్దున్నే పరుగెత్తేవాళ్లం. నేనే ముందుండేవాణ్ణి. ఈ మాట గట్టిగా రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇంకెవరూ గుర్తుపెట్టుకోలేదు. బావ ఆయాసపడుతూ వెనక నుంచి "ఆగురా, నీ కాళ్లకు మోటరున్నదా?" అని అరిచేవాడు. పరుగులో పాసయ్యాను. రాత పరీక్షలో బావకంటే మంచి మార్కులు నాకే వచ్చాయి. చివరికి మెడికల్లో ఒక డాక్టరు చుక్కల పుస్తకం తెరిచారు. పేజీ నిండా రంగు చుక్కలు. వాటి మధ్యలో ఒక అంకె ఉంటుంది, చదవాలి. నా ముందు నిలబడ్డ బావ గడగడా చదివేసి పక్కకు జరిగాడు. నేను చూశాను. చుక్కలే ఉన్నాయి.

"ఇందులో అంకె ఎక్కడుంది సార్?" అన్నాను.

డాక్టరు ఇంకో పేజీ తిప్పారు. ఇంకోటి. తర్వాత పుస్తకం మెల్లగా మూసి, కాగితం మీద ఏదో రాశారు. ఎరుపూ ఆకుపచ్చా నాకు సరిగ్గా విడిపడవట. పుట్టుకతోనే ఉందట. ఇన్నేళ్లూ నాకే తెలియదు.

మర్నాడు నాన్న కంపెనీ నుంచి రెండు చిన్న డబ్బాలు తెచ్చి, లేబుళ్లు చింపేసి, మూతలు తీసి నా ముందు పెట్టాడు.

"ఏది ఎర్రది?"

చూపించాను. తప్పు. 

నాన్న చాలాసేపు ఆ డబ్బాల వంకే చూశాడు. "మరి ఇన్నేండ్ల సంది నాకు డబ్బలందిస్తివి గదరా. ఒక్కనాడు తప్పియ్యలే. ఎట్ల ఇచ్చినవ్?"

"పేర్లు జదివి నాన్నా" అన్నాను. 

అమ్మ వంటింట్లోంచి విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మూతలు పెట్టేశాడు. నన్ను తిట్టలేదు, జాలిపడలేదు. కానీ ఆ తర్వాత ఎన్నడూ నన్ను ఆ కిటికీ దగ్గరికి రమ్మనలేదు. బావ శిక్షణకు వెళ్లిపోయాడు. నేను రామంతాపూర్‌లో డిగ్రీలో చేరాను. కెమిస్ట్రీ ఎందుకు తీసుకున్నావని అడిగితే అందరికీ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నిజం ఇది: రంగు చూడలేకపోతే పోనీ, రంగు లోపల ఏముందో నాన్నకంటే, బావకంటే నాకే ఎక్కువ తెలియాలని.

బావ మొదటిసారి సెలవు మీద వచ్చిన రోజు మా ఇల్లు పెళ్లిల్లులా ఉంది. తెల్ల యూనిఫాంలో తీయించుకున్న ఫొటో మా టీవీ మీద పెట్టారు. మా టీవీ మీద! నా పదో తరగతి ఫొటో అల్మారా లోపలే ఉంది. నాన్న బావను పక్కన కూర్చోబెట్టుకుని ఓడ గురించి అడగడం మొదలుపెట్టాడు. తుపాకుల గురించి కాదు, తుఫాన్ల గురించి కాదు.

"పక్కల పొంటి పెయింటు ఎట్ల నిలుస్తున్నదిరా?"

"ఎప్పటికి గీకుడే, ఎప్పటికి ఏసుడే మామా. ఉప్పుగాలికి తుప్పొస్తనే ఉంటది. గీకి, ప్రైమర్ కొట్టి, మళ్ల ఓడ రంగు. నేవీల చేరినంక తుపాకి ముట్టింది తక్వ, బ్రష్షు ముట్టింది ఎక్వ." 

"డబ్బ మీద ఏ కంపెనీ?"

బావ నవ్వాడు. "మనదే మామా. లేబులు సూడంగనే పక్కోనికి జెప్పిన, గిది మా మామ కలిపిందని. వాడు నమ్మలే."

నాన్న లేచి నీళ్లు తాగడానికని లోపలికి వెళ్లాడు. చాలాసేపు నీళ్లు తాగాడు. నేను గుమ్మంలో నిలబడి అన్నీ చూశాను. ఆ డబ్బా కూడా లేబులు చదివే కదా గుర్తుపట్టాడు, నేను చదవలేనా అనుకున్నాను.

బావ ఎక్కిన ఓడ ముసలిది. మా ఇద్దరికంటే పెద్దది. బావ ఎక్కిన ఏడాదిలోపే దాని కాలం తీరిపోయింది. చివరిరోజు సాయంత్రం పొద్దుగూకేవేళ జెండా దించుతారట, సిబ్బంది అంతా వరుసగా నిలబడతారట, ఆ ఓడ మీద ఎప్పుడో పనిచేసి తలలు నెరిసిన వాళ్లు కూడా వచ్చి ఏడుస్తారట. ఆ తర్వాత సెలవుకు వచ్చినప్పుడు బావ జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. లోపల దూదిలో గోరంత పెచ్చు. ఓడ పక్క నుంచి గీకినప్పుడు రాలిన పెయింటు పెచ్చు. పూత మీద పూత, పూత మీద పూత, అన్నేళ్లవీ అందులో ఉన్నాయి.

నాన్న దాన్ని పలచటి బ్లేడుతో ఏటవాలుగా కోసి, కంపెనీ నుంచి తెచ్చిన భూతద్దం పెట్టి చూశాడు. పిల్లాడిలా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"గీ అడుగుది నాకంటె ముందటోడు కలిపింది. నీలం జర ఎక్వేస్తుండె వాడు. గిది... గిది నాది. దీని మీదిది గూడ నాదే. గా మీదిది బయటి కంపెనీది, సున్నం లెక్క కొడ్తున్నది సూడు. అన్నిటికంటె పైది మళ్ల నాదే." 

అమ్మ చూసింది. అత్త చూసింది. "అవ్ అన్నా, గీతలు గీతలున్నది" అంది. భూతద్దం నా చేతికి వచ్చింది. నాకు అంతా ఒక్కటే. బూడిద ముక్క. "కనవడ్తున్నదారా?" అన్నాడు నాన్న. "ఆఁ" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నాన్న భూతద్దం తీసుకుని బావకు ఇచ్చాడు.

ఇలాంటి బహుమతి నేను ఏ జన్మలో తేగలను? ఆ అగ్గిపెట్టెను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఓడ పోయాక బావ సబ్‌మెరైన్‌కు పేరిచ్చాడు. మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్షలు. అన్నీ అయ్యాక ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జి. అప్పుడే పేపర్లో ఒక సబ్‌మెరైన్ ఫొటో పడింది, నీళ్లలోంచి సగం పైకి తేలి, నల్లగా. నాన్న ఆ ఫొటోను మడిచి అద్దం వెనక పెట్టుకున్నాడు. నాన్నకు దాని నలుపు అస్సలు అనుమానం కలిగించలేదు. ఎందుకంటే పెయింటువాడికి తెలిసిన మొదటి పాఠం అదే: తడిసింది ముదురుగా కనిపిస్తుంది. సున్నం గోడ మీద నీళ్లు చల్లితే నల్లబడదా? సబ్‌మెరైన్ ఎప్పుడూ తడిసే ఉంటుంది. కాబట్టి నల్లగా కనిపిస్తుంది. ఆరితే అది ఓడ రంగే. వేరే మనిషికైతే ఈ ఆలోచనే రాదు. నలుపును చూసి నలుపనుకుంటాడు. అన్నేళ్లు రంగులు చూసిన నాన్న కాబట్టే అంత నమ్మకంగా పొరబడ్డాడు.

బావ వస్తే అడిగాడు కూడా. "ఎండినంక మన రంగే గదరా?"

బావ ఒక్క క్షణం ఆగాడు. నేను ఆ క్షణాన్ని చూశాను. "అవ్ మామా. తడిసి అట్ల కొడ్తది" అన్నాడు.

నాకు తెలుసు అది నలుపేనని. ఫోన్లో ఎన్ని ఫొటోలు చూడలేదు! కానీ ఊరుకున్నాను. మంచితనంతో కాదు. ఆ మాటను దాచిపెట్టుకున్నాను, అంతే.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలు. బావ సెలవులో ఉన్నాడు. అత్త వచ్చింది. మా ఎదురింట్లో అద్దెకుండే టీచరుగారిని, కాకినాడ వైపు మనిషి, నాన్న పట్టుబట్టి పిలిచాడు. బగారా అన్నం, కోడికూర. టీచరుగారు బావను చూసి మురిసిపోయారు.

"లోపల ఎలా ఉంటుందయ్యా? భయం వెయ్యదూ?"

"భయానికి టైముండది సార్. ఒకడు లేస్తే ఆ మంచం మీద ఇంకొకడు పండుకోవాలె. స్నానాలు ఉండయ్. బట్టలు ఉతుకుడు ఉండది, ఏసుకున్నంక పారేసుడే. ఇంటికొచ్చినంక గూడ డీజిల్ వాసన పోతలేదని మా అమ్మ నన్ను ఇంట్లకు రానిస్తలేదు." 

"రానిస్తనా మరి?" అంది అత్త. "సబ్బు రెండు దినాల్ల ఒడగొట్టిండు."

అందరూ నవ్వారు. టీచరుగారు అన్నం కలుపుకుంటూ, "మొన్న పేపర్లో చూశానండీ సబ్‌మెరైను. నల్లగా, తిమింగలంలా ఉంది" అన్నారు నాన్నతో.

నాన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. "నల్లగ గాదు సార్. తడిసి గట్ల కనవడ్తది. ఎండినంక సూడున్రి, మన ఓడ రంగే. మా వోడు ఉన్నదానికి గూడ నేను కలిపిన రంగే ఉంటది. అడుగున్రి, పక్కనే ఉన్నడు గద."

"అవ్ సార్, మామ జెప్పిందే" అన్నాడు బావ, తల ఎత్తకుండా.

అప్పుడు నాన్న బావ వీపు తట్టాడు. ఆ తట్టడం చూశాక నా నోరు ఆగలేదు.

"నాన్నా, అది నలుపే. తడిసినా నలుపే, ఎండినా నలుపే. సబ్‌మెరైన్లకు గ్రే ఎయ్యరు. బావ ఉన్నదానికి నీ రంగు లేనే లేదు."

జేబులోంచి ఫోను తీసి, ఒడ్డుకు ఎక్కించి ఎండలో నిలబెట్టిన సబ్‌మెరైన్ ఫొటో వెతికి, నాన్న ఎంగిలి చేతి పక్కన పెట్టాను. ఒక్క చుక్క తడి లేదు దాని మీద. కొత్త స్లేటులా ఉంది.

నాన్న ఒక్క క్షణం చూశాడు. అలవాటు ప్రకారం తల తిప్పుకున్నాడు. "ఫోన్ల రంగు నమ్మరాదు" అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగి, "అవ్‌రా అల్లుడా?" అన్నాడు.

బావ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. అదే జవాబు.

అత్త గబగబా గరిటె తీసుకుంది. "నల్లదైతేంది, తెల్లదైతేంది? పోరడు మంచిగ తిరిగొస్తున్నడు, గంతే. తినున్రి, సల్లారుతున్నది." టీచరుగారు కోడికూర చాలా బాగుందన్నారు. రెండుసార్లు అన్నారు. నాన్న విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది.

బావ నన్ను చొక్కా పట్టుకుని బయటికి లాక్కెళ్లాడు. బస్ డిపో గోడ పక్కన చాయ్ బండి దగ్గర ఆగాం. చాయ్ చెప్పలేదు.

"నాకు తెల్వదా అది నల్లదని? నేను దాంట్ల ఉంటున్న. నువ్వు ఫోన్ల సూస్తున్నవ్."

"మరి అబద్దం ఎందుకు జెప్పినవ్?"

"మామ ఎన్నడన్న సముద్రం సూసిండా? ఓడెక్కిండా? నేను లోపలికి పోతుంటె నా రంగు నీ మీదున్నది, ఫికర్ జెయ్యకు అంటడు ప్రతిసారి. ఆ మాట ఇనుకుంట పోతుంటి. అది నలుపని జెప్తె మామకు ఏమొస్తది? నాకేమొస్తది?" నా చొక్కా వదిలేశాడు. "కడుపుమంటుంటె నా మీద తీర్సుకో. మామ మీద గాదు."

కొట్టినా బాగుండేది. నాకు అప్పుడు సిగ్గు వేసిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజం రాయాలంటే, ముందు వచ్చింది సిగ్గు కాదు. అంతకు ముందు కన్ను, యూనిఫాం, అగ్గిపెట్టె మాత్రమే అతనివి. ఇప్పుడు మంచితనం కూడా అతనిదే అయిపోయింది. అబద్ధం చెప్పి కూడా నాకంటే మంచివాడయ్యాడు. ఆ కోపంతో ఇంటికి వచ్చాను. సిగ్గు తర్వాత వచ్చింది, గుమ్మంలో ఓడ రంగు చుక్కలు ఎండిన నాన్న చెప్పులు చూసినప్పుడు. 

సాయంత్రం బావ బ్యాగు భుజాన వేసుకుంటుంటే నాన్న లేచి వచ్చాడు. భోజనాల తర్వాత నాన్న గదిలోంచి బయటికి రావడం అదే మొదలు.

"ఎసొంటి నలుపురా?" అన్నాడు.

"ఏంది మామా?"

"నీ సబ్‌మెరైన్ నలుపు. నీలం మీదికి కొడ్తదా? గోధుమ మీదికా? మెరుస్తదా, మబ్బుగుంటదా?"

బావ బుర్ర గోక్కున్నాడు. "నలుపే మామా. నల్లగుంటది."

"నలుపు అని ఒకటుండదురా" అన్నాడు నాన్న. "ఈసారి మంచిగ సూసి రా."

బావ పోయాక నేను పెద్దగా మారలేదు. కానీ ఆ రోజు తినకుండా మడిచేసిన నాన్న విస్తరి నా కళ్ల ముందే ఉండేది. చివరి సంవత్సరం ప్రాజెక్టు ఏం చేస్తావని కాలేజీలో కెమిస్ట్రీ మేడం అడిగితే, నాకే తెలియకుండా "ఓడల పెయింటు మేడం" అన్నాను. నాన్న కలిపిన ఓడ రంగును ఇనుప రేకుల మీద ఒక పూత, రెండు పూతలు, మూడు పూతలు వేసి, బ్లేడుతో అడ్డంగా గీత గీసి, ఉప్పునీళ్లలో పెట్టి, ఆ గీత కింద నుంచి తుప్పు ఎంత దూరం పాకుతుందో కొలవాలి. ఇందులో రంగుతో పని లేదు. స్కేలుతో, గోటితో, ఓపికతో పని. 

నాన్న ఎగతాళి చేశాడు. "రంగు సూడకుంట పెయింటు సదువేందిరా? కూర రుసి సూడకుంట వంట లెక్క."

ఉప్పునీళ్లు నేనే కలుపుకుందామనుకున్నాను. ఎలా తెలిసిందో బావకు తెలిసింది. అమ్మే చెప్పి ఉంటుంది. తర్వాతి సెలవుకు, రైల్లో, తెల్ల ప్లాస్టిక్ క్యాను నిండా వైజాగ్ సముద్రం మోసుకొచ్చాడు. "కలిపిన ఉప్పునీళ్లు గాదు, అసలుదాంట్ల పెట్టు" అన్నాడు, నా ముఖం చూడకుండా. నేను థ్యాంక్స్ కూడా చెప్పలేదు. అత్త అది ఏదో తీర్థమనుకుని చేతిలో పోసుకుని నోట్లో వేసుకుంది. "థూ! ఏంరా ఇది, ఊరగాయ నీళ్లా?" అని వాకిట్లో ఉమ్మింది. నాన్న మాత్రం మూత తీసి, నీళ్లను గాజు గ్లాసులో పోసి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"రంగే లేదేందిరా దీనికి?" అన్నాడు. 

రేకులు నానేసిన ఆకుపచ్చ తొట్టి మా డాబా మీద నెలల తరబడి ఉంది. ఆకుపచ్చ అని అమ్మ చెప్పింది. మొదట్లో నేనొక్కణ్ణే చూసేవాణ్ణి. తర్వాత డ్యూటీకి పోయే ముందు నాన్న పైకి ఎక్కడం మొదలుపెట్టాడు. మూడు పూతల రేకు దగ్గర గీత కింద గోరు పెట్టి, "ఇక్కడ లేస్తున్నది నాన్నా. పైకి మంచిగనే ఉన్నది, లోపల విడిచిపెట్టింది" అన్నాను ఒకరోజు. నాన్న వంగి చూశాడు. రంగు ఒక్క చుక్క మారలేదు. నాన్న కంటికి అది బాగానే ఉంది. నేను గోటితో ఎత్తితే పెచ్చు మొత్తం లేచి వచ్చింది, కింద ఎర్రగా తుప్పు. ఎర్రగా అని నాన్న చెప్పాడు.

నాన్న ఆ పెచ్చును తీసుకెళ్లి అగ్గిపెట్టెలో పెట్టాడు. బావ తెచ్చిన దాని పక్కన.

ఇంటర్వ్యూలో కళ్ల సంగతి నేనే ముందు చెప్పేశాను. మెడికల్లో ఒకసారి బయటపడ్డాక మళ్లీ బయటపడటం నాకిష్టం లేదు. అడిగిన సారు కళ్లజోడు సర్దుకుని, "ఇక్కడ రంగు చూడటానికి మిషనుంది బాబూ. మందం, పట్టు, తుప్పు, ఇవి చూసే మనిషి కావాలి" అన్నారు. తర్వాత నా ప్రాజెక్టు తిరగేస్తూ, "హైదరాబాదులో కూర్చుని నిజం సముద్రపు నీళ్లు ఎక్కడివి?" అని నవ్వారు.

ఆ ఒక్క జవాబు చెప్పడానికి నాకు ప్రాణం పోయింది. "మా బావ తెచ్చాడు సార్. సబ్‌మెరైన్‌లో చేస్తాడు" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. అక్కడ కూడా బావే! ఉద్యోగం నాదే, మార్కులు నావే, తొట్టి నాదే. నీళ్లు మాత్రం అతనివి.

ఇక మళ్లీ ఈ పొద్దుటి గేటు దగ్గరికి. "మీ బావకు జెప్పినవా?" అని నాన్న అడిగితే నేను తల తిప్పుకున్నాను. నా ముఖం చూసి నాన్నకు ఏం అర్థమైందో తెలియదు. వాచ్‌మన్ తాతకు చెప్పి నన్ను లోపలికి తీసుకెళ్లాడు. అదే గది, అదే కిటికీ. మెడికల్ అయిన తర్వాత మొదటిసారి. రేకులు దాచే బీరువాలోంచి, ఇంటి నుంచి ఎప్పుడు తెచ్చాడో, ఆ అగ్గిపెట్టె తీసి తెరిచాడు. రెండు పెచ్చులు.

"సబ్‌మెరైన్లది గూడ మీ ల్యాబుకు వస్తదా?"

"వస్తది నాన్నా. బయటికి తేనియ్యరు గని."

"తేకు. సూసి జెప్పు సాలు. ఎసొంటి నలుపో." అని, తనే నాలుక కరుచుకున్నాడు. నేను నవ్వాను. నాన్న కూడా నవ్వాడు. ఇన్నేళ్లలో నా కళ్ల మీద మేమిద్దరం నవ్వుకోవడం అదే మొదలు. 

"అందుకే మీ బావకు జెప్పమన్న" అన్నాడు. "వాడు ఆడనే ఉంటడు గద. ఇద్దరు కలిసి సూడున్రి. వానికి కన్నుంది గని నలుపంటె నలుపే అంటడు, మొద్దు నా కొడుకు. నువ్వు పక్కనుండి అడుగు. నీలం మీదికా, గోధుమ మీదికా అని అడిగి నాకు ఫోన్ జెయ్యి."

మొద్దు నా కొడుకు! బావను! నాన్న నోటితో! సంతోషంలో సగం ఆ మాటదే, దాచడం ఎందుకు. తిరుగు బస్సులో కూడా తలుచుకుని నవ్వుకున్నాను. ఉప్పల్ వచ్చేసరికి ఇంకో సంగతి తట్టింది. నాన్నకు ఆ నలుపు తెలియాలంటే నేనూ కావాలి, బావా కావాలి. నా ఒక్కడి వల్ల కాదు. ఇది ఇంకా మింగుడు పడటం లేదు. వైజాగ్ వెళ్లేలోపు పడుతుందేమో.

అమ్మకు చెప్పాను. ముందు నమ్మలేదు, తర్వాత పక్కింటావిడను పిలిచి నాతోనే మళ్లీ చెప్పించింది. ఇంకా ఫోన్లు చెయ్యాల్సినవాళ్లు:

అత్తకు. క్యాను నీళ్లు ఉమ్మినందుకు ఇప్పుడు చెంపలేసుకోమనాలి.

కాలేజీలో కెమిస్ట్రీ మేడానికి. క్లాసు అయ్యాక, నాలుగింటికి.

ఘట్‌కేసర్‌లో కొత్త ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయిన ఎదురింటి టీచరుగారికి. ఆ ఆదివారం సంగతికి క్షమించమని కూడా.

జనగామలో చిన్నమ్మకు. "సర్కారుదా, ప్రైవేటుదా?" అని అడుగుతుంది. రెండుసార్లు అడుగుతుంది.

స్టేడియం దగ్గర మాతో పాటు పరుగెత్తిన దోస్తుకు. ముందుండేది నేనేనని వాడికన్నా గుర్తుందేమో.

బావకు. ఇందాక చేశాను, స్విచాఫ్. నీళ్ల కింద ఉన్నాడు, ఎప్పుడు పైకి వస్తాడో అత్తకు కూడా చెప్పలేదు. రేపు పొద్దున మళ్లీ చెయ్యాలి. ఎల్లుండి కూడా.